సూది మధ్యలో ఆగిన మనిషి

హైమావతి చేస్తున్న ఉద్యోగాన్ని ఆ ఇంట్లో ఎవరూ దాని అసలు పేరుతో పిలవరు. నియామకపు కాగితం మీద 'ప్రమాణ సహాయకురాలు' అని ఉంది. మరిది శేషు అది చదివి, "అంటే సున్నా ఉద్యోగమన్నమాట" అన్నాడు. అదే నిలిచిపోయింది. వీధిలో వాళ్లు కూడా "ఏమ్మా, సున్నాకేనా?" అని పలకరిస్తారు. ఆమె తలూపి ఆటో ఎక్కుతుంది.

గుంటూరు మిరప యార్డు దాటాక పాత కోల్డు స్టోరేజీ ఒకటుంది. అందులో మిరపకాయలు నిలవచేసే రోజులు పోయి చాలాకాలమైనా గోడలకి ఆ ఘాటు పట్టే ఉంది. కొత్తగా వచ్చినవాళ్లు ముందు తుమ్ముతారు, తర్వాత నమస్కారం పెడతారు. మనిషి ఏ పార్టీ వైపు మొగ్గుతాడో కొలిచే మిషను అక్కడే తయారైంది. చూడటానికి బ్యూటీ పార్లర్లో జుట్టారబెట్టే డ్రయ్యరులా ఉంటుంది కాబట్టి జనం దాన్ని డ్రయ్యరనే అంటారు. దాని కింద కూర్చుంటే చెవిలో ఒకమ్మాయి గొంతు నింపాదిగా ఒక్కో మాటా చెబుతుంది. సారా దుకాణాలు ఎత్తెయ్యాలి. చిన్నపిల్లలకి పాఠాలు తెలుగులోనే చెప్పాలి. చెరువు పూడ్చి బస్టాండు కట్టొచ్చు. వినేవాళ్లు నోరు విప్పక్కర్లేదు. ఆ మాట వినగానే మనిషి లోపల ఎక్కడో కలిగే చిన్న అదురును మిషను పట్టుకుంటుంది. అన్ని అదుర్లనూ కలిపి, కుడివైపు గొడుగు, ఎడమవైపు గంట గుర్తులున్న పలక మీద సూదిని నిలబెడుతుంది. రాష్ట్రంలో ఇంకా నాలుగైదు పార్టీలున్నాయి గానీ పలక మీద వాటికి చోటు చాల్లేదు.

చిక్కంతా సున్నాతోనే వచ్చింది. ఎండకీ, కరెంటు హెచ్చుతగ్గులకీ పొద్దున్నకల్లా సూది జరిగిపోయేది. దాన్ని మధ్యకి తీసుకురావటానికి మొదట ఖాళీ కుర్చీ మీద పెట్టి చూశారు. మిషను ఖాళీ కుర్చీని గంట పార్టీలో వేసింది. ఈ సంగతి విని గంట పార్టీ మనిషైన శేషు, "కుర్చీకి కూడా తెలిసింది, మా అన్నయ్యకే తెలియట్లేదు" అని వారంపాటు వీధంతా చెప్పుకుని తిరిగాడు. చివరికి బతికున్న తలే కావాలని, అదీ ఏ పక్కకీ మొగ్గని తల కావాలని తేలింది. "నాకే పార్టీ లేదండీ" అంటూ వందలమంది వచ్చారు. డ్రయ్యరు కింద కూర్చోగానే ఎటో ఒకవైపు వాలిపోయారు.

హైమావతి తనంతట తాను వెళ్లలేదు. అన్నదమ్ములిద్దరూ కలిసి తీసుకెళ్లారు. భర్త పూర్ణచంద్రరావు గొడుగు పార్టీకి ఆ వార్డులో బూత్ ఇన్‌ఛార్జి. పెళ్లైన దగ్గర్నించీ ఆమె గొడుగేనని ఆయన నమ్మకం. కాదు, మా వదిన మనసులో గంటేనని శేషు వాదన. ఆ తగువు తేల్చుకోవటానికి ఒక ఆదివారం ముగ్గురూ ఒకే ఆటోలో వెళ్లారు. ఆమె కూర్చోగానే సూది కుడివైపుకి కొట్టుకుంది, ఎడమవైపుకి కొట్టుకుంది, మళ్లీ కుడికి. చూసేవాళ్లకి మెడనొప్పి పుట్టేదాకా అట్లా ఊగి, చివరికి సరిగ్గా మధ్యలో ఆగింది. మిషను కనిపెట్టిన డాక్టర్ కృపామణి లేచి వచ్చి హైమావతి రెండు చేతులూ పట్టుకుంది. అన్నదమ్ములు ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా టీ తాగి ఇంటికొచ్చారు.

అది జరిగి, ఆమె రోజూ సున్నా పెట్టటానికి కూర్చోవటం మొదలై ఏడాది దాటింది.

అంతకుముందు ఆ ఇంట్లో రాత్రి భోజనాలకి ఒక పద్ధతుండేది. కింద వాటాలో పూర్ణచంద్రరావు వాళ్లు, పైవాటాలో శేషు, అతని భార్య పద్మజ. వంట మాత్రం కిందే, ఒకే పొయ్యి మీద. పప్పు వడ్డించేసరికి ఏదో ఒక పథకం మీద మాట మొదలయ్యేది, మజ్జిగ దగ్గరికొచ్చేసరికి ఇద్దరి గొంతులూ వీధిలోకి వినిపించేవి. అప్పుడు ఇద్దరూ ఒకేసారి హైమావతి వైపు తిరిగేవాళ్లు. "నువ్వు చెప్పు హైమా." "నువ్వు చెప్పు వదినా." ఆమె గరిటె పక్కన పెట్టి తీర్పు చెప్పేది. సారా దుకాణాల సంగతిలో గంటవాళ్లదే సరి. కాలవలు తవ్వించిన సంగతిలో గొడుగువాళ్లని మెచ్చుకోవాలి. పింఛన్ల కోసం ముసలాళ్లని ఎండలో నిలబెట్టటంలో ఇద్దరికిద్దరూ సమానమే. ఇద్దరూ సగం గెలిచి, సగం ఓడి, పెరుగు వేసుకునేవాళ్లు. ఆమెని తమవైపు తిప్పుకోవటానికి మర్నాడు కొత్త సంగతులు పోగేసుకొచ్చేవాళ్లు. చెప్పింది వినే మనిషి ఒకరున్నారనే ధైర్యంతోనే ఆ ఇంట్లో ఇన్నేళ్ల వాదన నడిచింది.

ఆ తీర్పులు ఎప్పుడు ఆగిపోయాయో ఎవరూ సరిగ్గా గమనించలేదు. మొదట్లో "ఇవాళ అలిసిపోయానులే, రేపు చెబుతా" అనేది. తర్వాత "ఏమో" అనటం మొదలుపెట్టింది. చెరువు పూడ్చే సంగతి వచ్చినప్పుడు కూడా "ఏమో" అంటే శేషు తినటం ఆపాడు.

"అదేంటి వదినా, ఆ చెరువు కోసం కలెక్టరాఫీసు ముందు కూర్చుంది నువ్వే కదా. అన్నయ్య ఏమన్నా అన్నాడా?"

"నేనేమంటాను? అది మీవాళ్ల నస భరించలేక నోరుమూసుకుంది" అన్నాడు పూర్ణచంద్రరావు.

ఆ 'ఏమో'ని ఇద్దరూ ఎవరికి తోచినట్టు వాళ్లు అర్థం చేసుకున్నారు. ఆమె అవతలివాడి మాట విని మారిందని ఇద్దరికీ గట్టి అనుమానం. ఉగాది తర్వాత పద్మజ పైవాటాలో వేరే గ్యాసు పొయ్యి పెట్టుకుంది. "పిల్లాడికి క్యారేజీ తొందరక్కా, అంతకంటే ఏం లేదు" అంది మెట్ల మీద నిలబడి. హైమావతి సరేనంది. బాధపడాలని తెలుసు. ఆ బాధ వస్తుందేమోనని సాయంత్రం దాకా చూసింది. రాలేదు.

కూతురు మైథిలి ఒక్కతే ఇంకో సంగతి కనిపెట్టింది. పదిహేనేళ్ల పిల్ల. అమ్మ వంటలో ఉప్పు ఒకరోజు అసలుండదు, ఒకరోజు నోట పెట్టలేనంత ఉంటుంది. నాన్న కూర్చునేలోపు వంటింట్లోకెళ్లి, గిన్నెలన్నీ రుచిచూసి, తక్కువైతే వేసి, ఎక్కువైతే ఇంకాస్త పప్పో చింతపండు నీళ్లో కలిపి వచ్చేది. తల్లికి చెప్పలేదు. తల్లి అడగనూ లేదు.

మైథిలి చదివే బాలికల హైస్కూలు మీదికి ముప్పు వచ్చింది ఆ ఏడు. గంట పార్టీ పాలనలో వేసిన కప్పు పగుళ్లిచ్చి, ఎనిమిదో తరగతి గదిలో పెచ్చులూడి పడ్డాయి. ఇప్పటి గొడుగు ప్రభుత్వం ఆ బడిని మూసేసి, పిల్లల్ని బైపాసు అవతలున్న బడిలో కలిపేస్తామంది. ఊరివాళ్ల అభిప్రాయం కనుక్కుంటామనీ అంది. అయితే ఇదివరకటిలా మైకు పెట్టి అందర్నీ మాట్లాడించే పద్ధతి తీసేశారు. వార్డులో వాళ్లంతా డ్రయ్యరు కింద కూర్చుంటారు. సూదులన్నీ కలిపి చూస్తారు. గంటవైపు మొగ్గితే బడి ఉంటుంది, గొడుగువైపు మొగ్గితే పోతుంది. మధ్యలో నిలిస్తే మూసెయ్యటానికి ఎవరికీ అభ్యంతరం లేనట్టు లెక్క.

మిషను మీద జరిగే మొదటి అభిప్రాయ సేకరణ ఇదే కావటంతో కృపామణి రాత్రింబవళ్లు కోల్డు స్టోరేజీలోనే ఉంటోంది. ఆమెకి నలభై దాటాయి. టిఫిను డబ్బా తెరవటం మర్చిపోయి సాయంత్రానికి అట్లాగే ఇంటికి తీసుకుపోయే మనిషి. ఆమె దగ్గర పనిచేసే రఫీ మిషను నడుపుతాడు.

ఒకరోజు పొద్దున కరెంటు ఒక్కసారి పెరిగి, అదుర్లన్నిటినీ కలిపే పెట్టె కాలిపోయింది. కొత్తది వచ్చేదాకా సూది పనిచెయ్యదు. ఆ సూది పలక వెనక ఒక్కో మాటకి ఒక్కో చిన్న దీపం ఉంటుంది. లోపల అదురు కలిగితే ఎటువైపుదైనా సరే వెలుగుతుంది. మామూలుగా వాటిని ఎవరూ చూడరు, రేకు మూత వేసి ఉంటుంది. రఫీ మూత తీసి, "దీపాలన్నా సరిగ్గా ఉన్నాయో లేదో చూద్దాం, కూర్చోండమ్మా" అన్నాడు.

హైమావతి కూర్చుంది. చెవిలో అమ్మాయి సారా దుకాణాల గురించి చెప్పింది, చెరువు గురించి చెప్పింది, బడి గురించి చెప్పింది. ఒక్క దీపమూ వెలగలేదు.

"బల్బులు మాడిపోయినట్టున్నాయి మేడమ్" అన్నాడు రఫీ.

"నువ్వు కూర్చో."

రఫీ కూర్చుంటే సగం పైగా వెలిగాయి. సారా దుకాణాల దగ్గర వెలిగిన దీపం చూసి సిగ్గుపడి లేచాడు. కృపామణి కూర్చుంటే ఒకటి రెండు తప్ప అన్నీ వెలిగాయి. మళ్లీ హైమావతిని కూర్చోబెట్టారు. వరస మొత్తం చీకటిగానే ఉంది.

కృపామణి ఆ దీపాల మీద రేకు మూత మళ్లీ వేసింది. తర్వాత రఫీని టీ తెమ్మని బయటికి పంపించింది.

"హైమగారూ, మొదటిరోజు గుర్తుందా? సూది ఎంత కొట్టుకుందో?"

"గుర్తుంది మేడమ్. మీరు నా చేతులు పట్టుకున్నారు."

"ఆ తర్వాత తొందరగా ఆగేది. ఈమధ్య అసలు కదలకుండానే మధ్యలో ఉంటోంది. మీకు అలవాటైపోయింది, అందుకే ఇంత చక్కగా వస్తోందనుకున్నాం. పైవాళ్లకి అట్లాగే రాసి పంపాను కూడా."

మిషనుకి 'సర్దు' అనే మీట ఒకటుంది. సూది మధ్యకి వచ్చాక కూడా వణుకుతుంటే దాన్ని నొక్కుతారు. లోపల ఏ అదురు కలిగితే దానికి ఎదురుగా అంతే చిన్న తట్టు వెళ్లి దాన్ని అణిచేస్తుంది. నొప్పి ఉండదు. తడిగుడ్డతో పలక తుడిచినట్టుంటుంది. మొదట్లో ఒకటి రెండు సార్లే నొక్కారు. సూది నిలకడగా ఉంటోందని రోజూ నొక్కటం మొదలుపెట్టారు. ఏడాదిగా రోజూ.

హైమావతికి చిన్నప్పుడు నాన్న కొట్లో ఉన్న తక్కెడ జ్ఞాపకం వచ్చింది. రెండు పళ్లేల్లోనూ నిండా బెల్లం దిమ్మలు పెట్టినప్పుడూ ముల్లు మధ్యలోనే నిలబడేది. రెండూ ఖాళీ చేసి గోడకి తగిలించినప్పుడూ మధ్యలోనే ఉండేది. దూరం నుంచి ముల్లును మాత్రమే చూసేవాళ్లకి తేడా తెలియదు.

"నాలో ఏమీ లేదనుకున్నారా మేడమ్ మీరు?" అని అడిగింది. నిష్ఠూరం లేదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగింది.

"కూడిక చేసి చూశాం. విడిగా చూడలేదు" అంది కృపామణి.

"మళ్లీ వస్తాయా?"

"తెలియదు. ఇంతకుముందు ఎవర్నీ ఇన్నాళ్లు కూర్చోబెట్టలేదు." కళ్లద్దాలు తీసి చీరకొంగుతో తుడుచుకుంది. "మానేస్తే నిదానంగా రావచ్చు. అయితే ఆ స్కూలు పని ఒక్కటి మిగిలింది. మీరు కూర్చోకపోతే సున్నా పెట్టలేం. అది పాడైతే ఈ కేంద్రాన్ని మూసేస్తారు. ఇంకొక్కసారి వస్తారా? ఆ ఒక్కసారికి సర్దితే ఉన్నది కూడా పోవచ్చు. ఆ మాట దాచి అడగలేను."

"వస్తాను మేడమ్" అంది హైమావతి. రానని అనటానికి ఏదో ఉండాలి కదా లోపల, అది దొరకలేదు.

ఇంటికి వెళ్లే ఆటోలో కోపం తెచ్చుకోవాలని చూసింది. ఒకప్పుడు తనకి కోపం తెప్పించినవన్నీ వరసగా తలుచుకుంది. పింఛను లైన్లో పడిపోయిన మేనత్త. ఎన్నికల ముందు వేసి, ఎన్నికలైన తర్వాత లేచిపోయిన సిమెంటు రోడ్డు. పద్మజ పైన పెట్టుకున్న పొయ్యి. ఎవరో పొరుగూరివాళ్ల సంగతులు విన్నట్టుగా ఉన్నాయి. ఆటో డ్రైవరు చిల్లర లేదని విసుక్కుంటే, పాపం ఇతనికి కోపం ఎంత తేలిగ్గా వస్తోందో అనుకుంది.

మైథిలి మెట్ల మీద కూర్చుని పుస్తకాలకి అట్టలు వేసుకుంటోంది. వచ్చే ఏడు ఏ బడో తెలియకపోయినా అట్టలు మాత్రం వేస్తోంది. తల్లిని పక్కన కూర్చోమంది.

"అమ్మా, మా స్కూలు గురించి నీకేమనిపిస్తోంది?"

"ఏమీ అనిపించటం లేదమ్మా."

"నాన్న మూసెయ్యమంటాడు. బాబాయి వద్దంటాడు. వాళ్లకి స్కూలు గొడవే లేదు, ఎవరి గుర్తు వాళ్లది. నువ్వు మాత్రం రెండూ చూసి చెబుతావు కదా."

"చెప్పేదాన్ని."

మైథిలి కత్తెర కింద పెట్టింది. "రేపు నువ్వు సూది మధ్యలో కూర్చుంటే, నీకు అభ్యంతరం లేదని రాసుకుంటారు. నీలాగా రెండు వైపులా ఆలోచించేవాళ్లు ఈ వీధిలో చాలామంది ఉన్నారు. సీతారత్నం మామ్మగారు, టైలరు బాజీ గారు... వాళ్లందరివీ మధ్యలోనే ఆగుతాయి. అందరికీ ఇష్టమేనని రాసుకుంటారు. అట్లా ఎట్లా రాస్తారమ్మా?"

హైమావతి కూతురి మొహంలోకి చూసింది. ఆ పిల్ల కళ్లు ఎర్రగా ఉన్నాయి. తనలో ఇంకా ఏమీ కదల్లేదు. అయినా ఒక సంగతి మాత్రం అర్థమైంది. కోపం రాకపోయినా తప్పు తప్పేనని తెలుస్తోంది. పొయ్యి మీద గిన్నె కాలుతోందని తెలియటానికి చెయ్యి కాలక్కర్లేదు.

అభిప్రాయ సేకరణ రోజున బడి వరండాలో షామియానా వేశారు. కాలిపోయిన పెట్టె స్థానంలో కొత్తది బిగించి, వ్యానులో డ్రయ్యరు తెచ్చారు. తహసీల్దారుగారు ఒక కుర్చీలో, కృపామణి ఇంకో కుర్చీలో కూర్చున్నారు. వార్డు వాళ్లంతా వరసలో నిలబడ్డారు. పూర్ణచంద్రరావు తెల్లచొక్కా వేసుకుని వరసలు సరిచేస్తున్నాడు. శేషు అవతలి పక్క నిలబడి తనవాళ్లని లెక్కపెట్టుకుంటున్నాడు. ఉగాది నుంచీ ఇద్దరూ పలకరించుకోవటం లేదు. ఏదైనా చెప్పాలంటే మధ్యలో ఎవర్నో ఒకర్ని పెట్టుకుంటున్నారు.

సున్నా పెట్టటానికి ముందుగా హైమావతిని పిలిచారు. ఆమె వచ్చి కూర్చుంది. రఫీ మీట మీద వేలు పెట్టబోతే, తన అరచెయ్యి అడ్డం పెట్టింది.

"సర్దొద్దు బాబూ. ఎట్లా ఉంటే అట్లా రానియ్యి."

రఫీ కృపామణి వైపు చూశాడు. ఆమె తలూపింది.

చెవిలో అమ్మాయి మొదలుపెట్టింది. ఈ బడి కప్పు ప్రమాదకరం. బైపాసు దాటటం ఆడపిల్లలకి కష్టం. పెద్ద బడిలో కలిపితే పంతుళ్లు ఎక్కువమంది ఉంటారు. హైమావతి కళ్లు మూసుకుంది. లోపల ఎవరైనా ఉన్నారా అని తలుపు తట్టినట్టుగా ఒక్కో మాటా విన్నది. సూది మధ్యలోనే ఉంది, మేకు కొట్టినట్టు. సర్దక్కర్లేకుండానే అంత నిశ్చలంగా ఉంది. కృపామణి తల వంచుకుంది.

"ఇంకేం, సున్నా వచ్చేసింది. కానివ్వండి" అన్నారు తహసీల్దారుగారు.

పూర్ణచంద్రరావు ముందుకి వచ్చాడు. "చూశారుగా సార్, మా ఆవిడకే అభ్యంతరం లేదు. మా అమ్మాయి చదివేది ఇక్కడే మరి."

"అభ్యంతరం లేదని ఎవరన్నారు?" శేషు అవతల్నించి వచ్చాడు. "మా వదిన మొదట్నించీ మావైపే. ఇంట్లో నోరు నొక్కేశారు, అంతే. అడగండి కావాలంటే."

"నోరు నొక్కటమేంటి అబ్బాయ్, నలుగుర్లో ఏం మాటలవి? సార్, ఆవిడకి ఇవేమీ పట్టవు. ఎటూ కాని మనిషి. ఎటూ కాదు కాబట్టేగా ఆ ఉద్యోగం ఇచ్చారు."

"ఆ ఒక్కటి మాత్రం మా అన్నయ్య నిజం చెప్పాడు సార్. ఎటూ కాదు."

చాలా నెలల తర్వాత అన్నదమ్ములిద్దరూ ఒక మాట మీద నిలబడ్డారు. ఎటూ కాదు. హైమావతికి ఆ మాట గొంతులో పచ్చడి గింజలా అడ్డం పడింది. ఎన్నేళ్లు గరిటె పక్కన పెట్టి వీళ్లిద్దరి మాటా విన్నాను. వీళ్లు చదవని పేపరు కూడా చదివాను. చెరువు కోసం ఎండలో కూర్చున్నాను, అదే నెలలో కాలవ తవ్వినవాళ్లకి మజ్జిగ పోశాను. ఎటూ కాకపోవటమా అది?

సూది వణికింది.

"మేడమ్" అన్నాడు రఫీ.

కప్పు సంగతి మళ్లీ వినిపించింది. సూది కుడివైపుకి కాస్త జరిగింది. బైపాసు మాట వచ్చింది. ఎడమవైపుకి కొట్టుకుంది. ఇంగ్లీషు పంతులమ్మల మాటకి కుడికి వచ్చింది. కొన్ని మాటల దగ్గర అసలు కదల్లేదు, కదిలినచోట మాత్రం ఆగటం లేదు. మధ్యలోకి రావటం, దాటిపోవటం, మళ్లీ రావటం. వరసలో ఉన్నవాళ్లు మెడలు చాచి చూస్తున్నారు.

"సున్నా కుదరటం లేదు మేడమ్. సర్దమంటారా?"

ఒక్క మీట నొక్కితే నిలుస్తుంది. అందరికీ కాకపోయినా అక్కడున్న ముగ్గురికీ ఆ సంగతి తెలుసు. కృపామణి తన రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుంది.

"వద్దు" అంది. "సార్, ఇవాళ మిషను పనిచెయ్యదు. సున్నా పెట్టలేం."

"పెట్టలేమంటే? ఇంతమందిని పిలిపించాను. నేను పైకేం చెప్పాలి?"

హైమావతి డ్రయ్యరు కింద నుంచి లేచింది. చెమటకి జుట్టు నుదుటికి అతుక్కుపోయింది. ఒళ్లంతా జ్వరం తగ్గినట్టు నీరసంగా ఉంది. "నోటితో చెబుతాం సార్. రాసుకోండి" అంది.

తహసీల్దారుగారు గడియారం చూసుకుని, కుర్చీలో వెనక్కి వాలారు. "సరే, మీరే మొదలుపెట్టండి."

ఆమెకి మాటలు తడుముకోవాల్సి వచ్చింది. "ఈ కప్పు గంట పార్టీవాళ్లు వేయించారు. రెండో వానకే కారింది. ఆ మాట మా మరిది ఒప్పుకోడు. దానికింద పిల్లల్ని కూర్చోబెట్టకూడదని గొడుగువాళ్లు అంటున్నారు, అది నిజం. దానికోసం బడే ఎత్తేసి పిల్లల్ని ఆ లారీల మధ్య రోడ్డు దాటించటం ఇంకా పెద్ద ప్రమాదం. ఆ మాట మా ఆయన ఒప్పుకోడు. ఇంగ్లీషు చెప్పేవాళ్లని వేసింది గొడుగువాళ్లే, మా పిల్లకి మేలు జరిగింది. ఆడపిల్లలకి మరుగుదొడ్లు కట్టించింది గంటవాళ్లు. వాటికి నీళ్లివ్వంది ఇద్దరూ."

వెనక ఎవరో నవ్వారు. ఇంకెవరో విసుక్కున్నారు. "ఇంతకీ ఎటంటావమ్మా? ఒక పక్కకి చెప్పు, ఎండ మండిపోతోంది."

"బడి ఉండాలంటున్నాను. కప్పు మార్చాలంటున్నాను. ఆ రెండూ మార్చుకోను. మిగతావాటిలో ఎవరిది ఎంత తప్పో చెప్పమంటే చెబుతాను. కూర్చునే ఓపిక మీకుండాలి."

తర్వాత సీతారత్నం మామ్మగారు లేచింది. ఆవిడ మాట్లాడటం మొదలుపెడితే మధ్యలో ఆపేవాళ్లు ఉండరు. టైలరు బాజీ తను చెప్పేది రెండు పార్టీలకీ నచ్చదని ముందే క్షమాపణ చెప్పి, అరగంట మాట్లాడాడు. తగువులయ్యాయి. ఒకాయన చొక్కా ఇంకొకాయన పట్టుకున్నాడు. మైథిలి వాళ్ల క్లాసు పిల్లలు మంచినీళ్లు అందించారు. చీకటిపడే ముందు తహసీల్దారుగారు రాసుకున్నదంతా సంచిలో వేసుకుని, "పైకి పంపుతాను, వాళ్ల నిర్ణయం వాళ్లది" అని జీపెక్కారు. బడి ఉంటుందో పోతుందో ఆరోజు తెలియలేదు.

రఫీ మిషనును వ్యానులోకి ఎక్కించాడు. కృపామణి హైమావతి దగ్గరికొచ్చింది. "నాలుగు దీపాలు వెలిగాయి. మూత కింద నుంచి చూశాను" అంది.

"మిగతావి?"

"చూద్దాం." కృపామణి ఆమె భుజం మీద చెయ్యి వేసి తీసేసింది. "రేపట్నించి రావద్దు మీరు. నేను కూడా ఎన్నాళ్లు వస్తానో."

ఇంటికి నడిచి వెళ్లారు. పూర్ణచంద్రరావు దారంతా నాలుగడుగులు ముందే నడిచాడు. ఇంటి మెట్ల దగ్గర ఆగి, "పదిమందిలో నన్ను అంత మాటనాల్సింది కాదు" అన్నాడు.

"మరిదినీ అన్నాను కదండీ."

"ఆ, వాణ్ని అన్నది బాగానే ఉంది."

పైవాటా మెట్ల మీద నుంచి శేషు గొంతు వినిపించింది. "విన్నాన్లే అన్నయ్యా." చేతిలో కంచంతో కిందికి దిగుతున్నాడు. వెనకే పద్మజ, ఆమె చేతిలో కూరగిన్నె. "రెండో వానకి కారిందంటావేంటి వదినా? మొదటి ఏడు ఒక్క చుక్క పడలేదు, నేను దగ్గరుండి చూశాను. ఆ సంగతి తేలాలి ముందు."

"కప్పు గురించి నువ్వు మాట్లాడకు రా, సిమెంటు ఎవరు తిన్నారో ఊరంతా తెలుసు" అంటూ పూర్ణచంద్రరావు పీట వాల్చుకున్నాడు.

మైథిలి ఎవరికీ కనపడకుండా వంటింట్లోకి వెళ్లి మూతలు తీస్తోంది. హైమావతి వచ్చి ఆమె చేతిలోంచి గరిటె తీసుకుంది. ఒళ్లంతా బరువుగా ఉంది, నిలబడాలని లేదు. గోంగూర పప్పు కాస్త అరచేతిలో వేసుకుని నాలికకి రాసుకుంది. ఒక్క క్షణం ఏమీ తెలియలేదు. తర్వాత నిదానంగా పులుపు వచ్చింది, దాని వెనక కారం. ఆ రెండిటి తర్వాత రావలసింది రాలేదు.

"చప్పగా ఉందే ఇది" అంది.

మైథిలి పక్కకి జరిగింది. తల్లి పైఅర మీద చెయ్యి పెట్టి, ఉప్పు జాడీని తనే వెతికి తీసుకోవటం చూస్తూ నిలబడింది.

బయట గొంతులు వీధి దాకా వెళ్తున్నాయి. ఇద్దరూ ఒకేసారి పిలిచారు, "నువ్వు చెప్పు" అని.

"ఉండండి, వస్తున్నా" అంది హైమావతి. పప్పు ఇంకోసారి కలిపి, మళ్లీ రుచిచూసింది.